మత్తయి సారు తొట్టిలో పాచి

“కృపావతీ, ఓ కృపావతీ, తెర తియ్యి. కొత్తపల్లెవాళ్లు వచ్చినారు.”

వసారాలోంచి తల్లి జయమ్మ కేక వినపడేసరికి కృపావతి నోట్లో వేపపుల్ల నోట్లోనే ఆగిపోయింది. పాలాయన ఇంకా రాలేదు. పాచి చూసేవాళ్లు మాత్రం వచ్చేసినారు.

“మొగమన్నా కడుక్కోనిస్తావా మా? వాళ్లకు నిద్ర రాదా ఏంది?”

“నీ మొగంతో వాళ్లకేం పని. వాళ్లు చూసేది తొట్టిని.”

కృపావతికి ఒళ్లు మండేది సరిగ్గా ఆ మాటకే. పుల్ల అవతల పారేసి, విసవిసా వసారాలోకి వచ్చి, చేపల తొట్టికి కట్టిన గోనెతెర ఒక్క గుంజు గుంజింది. నలుగురు రైతులు చెప్పులు మెట్ల కాడ విడిచి, తలగుడ్డలు తీసి చంకలో పెట్టుకుని గాజు ముందర గొంతుక్కూర్చున్నారు. వాళ్లలో పెద్దాయన తువ్వాలు మూట విప్పి పిడికెడు బొరుగులు నీళ్లలో చల్లినాడు.

“వెయ్యొద్దు పెద్దాయనా. తిన్నంత తిని మిగిలింది కుళ్లిపోతాది, నీళ్లు చెడతాయి.”

“తిననీలేమ్మా. నోరులేని జీవాలు.”

ఆయన వేసినాడని పక్కాయన వేసినాడు. పక్కాయన వేసినాడని మిగిలిన ఇద్దరూ తలా ఇంత వేసినారు. నంద్యాలలో ఏ ఇంటికి పోయినా కాఫీ ఇస్తే తాగి వస్తారు. ఈ ఇంటికి వచ్చేవాళ్లు మాత్రం చేపలకు బొరుగులు పెట్టి పోతారు. ఆ బొరుగులన్నీ ఉబ్బి, అడుగుకు దిగి, పులిసి వాసన వేస్తే గొట్టం పెట్టి లాగేది కృపావతి.

“ఇంకా ఎండుగడ్డి మాదిరే ఉండాదే” అని నిట్టూర్చి నలుగురూ లేచినారు.

ఆ తొట్టి మత్తయి సారు చేయించింది. ఆయన బడిలో సైన్సు చెప్తాడు. అడుగున బేతంచెర్ల బండ, చుట్టూ ఇనప కమ్ముల చట్రం, నాలుగు పక్కలా గాజు, సందుల్లో పుట్టీ. వసారాకూ నడింటికీ మధ్య ఉన్న కిటికీ ఊడబీకించి ఆ సందులో కూర్చోబెట్టినాడు, రెండు పక్కల నుంచీ కనపడాలని. నింపేరోజు కుళాయి రాలేదు. ఎద్దుల బండి మీద కాలవ నీళ్లు తెప్పించి పోసినాడు. కర్నూలు నుంచి రెండు బంగారు చేపలు తెచ్చి వదిలినాడు. డెబ్బై మూడో సంవత్సరం మాట అది.

మొదటి ఏడు పాచి పట్టినప్పుడు ఆయన శాస్త్రప్రకారమే పోయినాడు. ఎండ తగిలితే పాచి పడుతుందని గోనెతెర కట్టినాడు. మేత మిగలకుండా చిటికెడే వేయమన్నాడు. శనివారం శనివారం మూడోవంతు నీళ్లు తీసి కొత్తవి పోయించినాడు. కొబ్బరిపీచుతో గాజు తోమించినాడు. పాచి తింటాయని గుల్ల నత్తలు తెచ్చి వదిలినాడు. ఏ ఇంటి తొట్టికైనా అంత చేస్తే పాచి తల వంచుతుంది. ఈ తొట్టి పాచికి మాత్రం ఎండతోనూ మేతతోనూ పని లేదు, కాలవతోనే పని. వేసవంతా ఎండుగడ్డి రంగులో గాజుకు కరుచుకుని ఉండేది. కాలవకు నీళ్లు వదిలే రెండు రోజుల ముందర అడుగునుంచి పచ్చబడుతూ పైకి వచ్చేది. కాలవ కట్టేసే రెండు రోజుల ముందర మళ్లీ ఎండేది. పొద్దు పొడిచేది కోడికెట్లా తెలుసని ఎవరన్నా అడుగుతారా? ఇదీ అంతే. రెండో ఏడుకు పక్కింటి రైతు పసిగట్టినాడు. మూడో ఏడుకు ఆళ్లగడ్డ దాకా పాకిపోయింది.

తొట్టి పచ్చబడిన రోజు వడ్లు నానేస్తే, మర్నాడు గోనెలో కట్టి మండె వేస్తే, మూడో నాటికి మొలక. అదే రోజుకు కాలవలో నీళ్లు. మొలక చేతిలో పట్టుకుని గట్టు మీద నిలబడినవాడికి మొదటి వంతులో మడి తడుస్తుంది. కాలవ చివర భూములవాళ్లకు ఆ ఒక్కరోజే బతుకు. ఒకరోజు ఆలస్యమైతే పై పొలాలే నీళ్లన్నీ తాగేస్తాయి.

అందుకే రైతులంతా కలిసి వచ్చి, “గీకొద్దు సారూ” అని అడిగినారు. మత్తయి సారు మెత్తని మనిషి, మాటిచ్చేసినాడు. చేపలు బతికున్నదీ లేనిదీ చూసుకునేదానికి ఒక మూల అరచెయ్యంత గాజు తోముకునే హక్కు మాత్రం కృపావతికి మిగిలింది.

నడింట్లో, తొట్టికి ఇవతలి పక్క, కృపావతి కుట్టుమిషను. పదో తరగతి రెండుసార్లు తప్పినాక తండ్రి కొనిచ్చినాడు. జాకెట్లు కుడుతూ, వారపత్రికల్లో సీరియళ్లు చదువుతూ, ఆ అరచెయ్యంత గాజులోంచి ప్రపంచాన్ని చూసేది. నీళ్లు అద్దంలా ఉంటే, ఎర్రటి చేపలు రెండూ మెల్లగా తిరుగుతుంటే, వాటి మధ్యలోంచి అవతలి మనిషి మొగం ఊగుతా కనపడితే ఎట్లుంటుందోనని కలలు కనేది. అవతలి మనిషి అంటే ఎవరో కాదు, మద్దిలేటి.

మద్దిలేటిది ఆళ్లగడ్డ. తాత కొండదేవుని పేరు పెట్టినాడు గాని, ఆదివారం తప్పకుండా చర్చికి పోయే ఇల్లు. కాలవ చిట్టచివర మూడెకరాలు కౌలుకు చేస్తాండాడు. మృగశిర కార్తె రాగానే వారానికి రెండుసార్లు బస్సెక్కి వచ్చేవాడు. పొడుగు మనిషి, గొంతుక్కూర్చుంటే మోకాళ్లు చెవులకు తగిలేవి. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని పాచిని చూస్తా గంట కూర్చునేవాడు. కృపావతి తోమిపెట్టిన మూలకు మాత్రం వచ్చేవాడు కాదు. అక్కడ పాచి లేదు గదా, చూడ్డానికేముంది?

పోయినేడు ఒకసారి దాహమడిగితే ఆమే గ్లాసు తీసుకపోయి ఇచ్చింది. గాజు మీది చూపు తిప్పకుండానే గటగటా తాగి, “సల్లగుండు తల్లీ” అన్నాడు. ఇరవై నాలుగేండ్లవాడు, పండు ముసలోని మాదిరి. కృపావతి ఆ గ్లాసు తీసుకపోయి వంటింట్లో దబ్బున పెడితే సొట్ట పడింది.

ఈ ఏడు, డెబ్బై తొమ్మిదిలో, ఆరుద్ర కార్తె మొదట్లో వచ్చి మళ్లీ అదే వరస. పోయినాక జయమ్మ నవ్వింది.

“పాచికి తాళి గట్టేటట్టుండాడు ఈ పిల్లోడు.”

“కట్టుకోనీ” అంది కృపావతి. “నాకేంది.”

ఆ సాయంత్రమే ఎరువుల అంగడికి పోయింది.

“శెట్టిగారూ, మైలతుత్తం ఇంత ఇయ్యండి.”

సత్యనారాయణ శెట్టి తక్కెడ అందుకుంటా అడిగినాడు. “దేనికమ్మా?”

“నిమ్మచెట్టుకు తెగులు.”

“మీ ఇంట్లో నిమ్మచెట్టు యాడుంది?”

“నాటాల.”

“నాటకముందే తెగులా” అన్నాడు శెట్టి. అని, కాగితంలో నీలం ముక్కలు పొట్లం కట్టిచ్చినాడు.

పది రోజులు గాజు తెల్లగుంటే చాలుననుకుంది. ఈలోగా అతను ఒక్కసారి వస్తే చాలు. కాలవకు నీళ్లొచ్చే వేళకు పాచి మళ్లీ పట్టుకోకుండా పోతుందా, అంత మొండిది. మర్నాడు నాయన బడికి, అమ్మ చర్చిలో స్త్రీల కూడికకు పోగానే చేపల్నీ నత్తల్నీ మట్టికుండలోకి మార్చింది. మైలతుత్తం గుడ్డలో మూటగట్టి నీళ్లలో వేలాడదీసింది. నీళ్లు నీలంగా తిరిగినాయి. సాయంత్రానికి పాచి పాత సున్నం మాదిరి పెచ్చులు పెచ్చులుగా ఊడి అడుగుకు జారింది. జయమ్మ వచ్చి చూసి వాకిట్లోనే నిలబడిపోయింది.

“ఏందే ఇది?”

“దానంతట అదే రాలుతాంది మా. నేనేం చేసేది.”

మత్తయి సారు కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూసినాడు. కుర్చీ లాక్కుని కూలబడినాడు.

“ఈ ఏడు కాలవకు నీళ్లు రావన్నమాట” అన్నాడు.

కృపావతికి అప్పుడు వెలిగింది. ఆరేండ్లుగా ఆ తొట్టిని చూస్తున్న మనిషి, ఇంత చిన్న సంగతి తట్టలేదు. ఆమెకు కావలసింది గాజు. ఊళ్లకు కనపడింది కరువు. చెప్పేద్దామని నోరు తెరిచింది గాని, నాయన రైతులకిచ్చిన మాట గుర్తుకొచ్చి మళ్లీ మూసుకుంది. నీళ్లు మూడుసార్లు మార్చి చేపల్ని వదిలింది. పాచి రేపు పడుతుంది, ఎల్లుండి పడుతుంది అని చూసింది. మైలతుత్తం బండలోకి ఇంకిపోయిందో, పుట్టీలోకే దూరిందో, గాజు మీద ఒక్క పచ్చని చుక్క పొడవలేదు.

రైతులు వస్తాండారు. చూస్తాండారు. పోతాండారు. ఎవరూ బొరుగులు వేయలేదు.

గురువారం మద్దిలేటి వచ్చినాడు. కృపావతి కనకాంబరం రంగు ఓణీ వేసుకుని, సూదిలో దారం లేకుండానే మిషను తొక్కుతోంది. అతను గొంతుక్కూర్చున్నాడు. ఎర్ర చేపలు రెండూ మెల్లగా పక్కకు తొలగినాయి. అతని చూపు నీళ్లలోంచి వచ్చి, గాజు దాటి, తిన్నగా ఆమె మొగం మీదికే వచ్చింది. అంతా ఆమె కలలో మాదిరే ఉంది. చూపు మాత్రం ఆగలేదు. ఆమె మొగంలోంచి దూసుకుపోయి వెనక గోడ కాడ కూలబడింది.

“ఏమీ లేదు సార్. అంతా ఖాళీ” అన్నాడు మద్దిలేటి.

ఖాళీ అంట. కృపావతి మిషను చక్రం చేత్తో పట్టి ఆపింది.

“ఏం చేద్దామని?” అడిగినాడు మత్తయి సారు.

“కౌలు వదిలేస్తా సార్. బేతంచెర్లలో మా మామ బండల పాలిష్ పట్టించే కాడుండాడు. సోమవారం పోతా.”

“విత్తనం వడ్లు?”

“శనివారం మిల్లుకేస్తా. తినేదానికన్నా వస్తాయి.”

“ఆ రాతిదుమ్ము రొమ్ముకు మంచిది కాదు నాయనా.”

“తెలుసు సార్” అన్నాడు మద్దిలేటి లేస్తా. “మా నాయన ఆ దగ్గుతోనే పోయినాడు.”

శనివారం పొద్దున జయమ్మ తాగే నీళ్ల కుండ మూత తీసి, కూతుర్ని కేకేసింది.

“కుండ తోమినావా ల్యాదా?”

“నిన్ననే తోమినా.”

“అయితే ఇదేంది?”

కుండ లోపల చుట్టూ పచ్చగా, వరినారు మాదిరి. కృపావతి గొణుక్కుంటా బూడిదతో తోమి, నీళ్లు పోసి పెట్టింది. తిరిగి చూసేసరికి పచ్చ. మళ్లీ తోమింది. మళ్లీ పచ్చ. చెంబులో పచ్చ. కోళ్లకు పెట్టిన నీళ్ల మూకుట్లో పచ్చ. మత్తయి సారు సిరాబుడ్డి మూత తీసి, పచ్చసిరా ఎవరు పోసినారని అడిగినాడు. తొట్టిలో చోటు దొరకని పచ్చదనం ఇంట్లో తడి ఉన్నచోటల్లా వెతుక్కుంటోంది.

“గిన్నెలు తోమేది గూడా రాదు. రేపు ఏ ఇంటికి పోయినా తిట్టేది నన్నే” అని జయమ్మ సాధిస్తోంది.

మూడోసారి తోమబోయి కృపావతి ఆగిపోయింది. వేళ్లు మడిచింది. శని, ఆది, సోమ. సోమవారానికి కాలవలో నీళ్లు. వడ్లు ఈ పొద్దే నానాల. ఈ పొద్దే ఆ వడ్లు మిల్లుకు పోతాయి, సోమవారం ఆ మనిషి బేతంచెర్లకు పోతాడు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు. తొట్టి తెల్లగుంటే కుండల్లో పాచికి విలువేముంది?

పచ్చబడిన చిన్న కుండ ఒకటి చంకనెత్తుకుంది.

“యాడికి?” అంది జయమ్మ.

“ఆళ్లగడ్డకు, పెద్దమ్మ కాడికి.”

“కుండెత్తుకోనా?”

“పెద్దమ్మ ఇంట్లో కుండ పగిలిందంట.”

బస్సులో కండక్టరు వంగి చూసినాడు. “ఏందమ్మా ఇది, గోంగూర పులుసా?”

“పాచి.”

“పాచికి బస్సు గావాల్నా? ఒలికిందంటే తుడిచేది నువ్వే” అని టిక్కెట్టు చించినాడు.

గుంట గుంటకూ ఒలికింది. ఓణీ తడిసింది, పక్కావిడ చీర తడిసింది, ఆ తడిసినచోటల్లా పచ్చమరక. పక్కావిడ ఆళ్లగడ్డ దాకా తిట్టింది. కృపావతి వినలేదు. ఏం చెప్పాలో కూర్చుకుంటోంది. కుండ చూపిస్తే చాలు, రైతుబిడ్డ గదా, అర్థం చేసుకుంటాడు. మైలతుత్తం మాట ఎత్తకుండానే గండం గడుస్తుంది.

బస్సు దిగి, రుద్రవరం దారిలో వంక దాటినాక మూడో ఇల్లు. ఒకసారి అతను నాయనకు చెప్తాంటే విన్నది. వాకిట్లో మద్దిలేటి సైకిలు వెనక వడ్ల బస్తా పెట్టి తాడు బిగిస్తున్నాడు. వాళ్లమ్మ చెన్నమ్మ బస్తా జారకుండా పట్టుకునుంది.

“ఎవురు గావాలమ్మా?” అన్నాడు మద్దిలేటి.

కృపావతికి కుండ అక్కడే నేలకేసి కొడదామన్నంత కోపం వచ్చింది.

“నేను మత్తయి సారు కూతుర్ని.”

“సారుకు కూతురుండాదా?”

ఆమె పళ్లు బిగబట్టి కుండ ముందుకు చాపింది. “నీళ్లొస్తాండాయి. ఇయ్యాలే వడ్లు నానెయ్యి. చూడు, ఇంట్లో కుండలన్నీ పచ్చబడినాయి.”

అతను కుండలోకి వంగి చూసినాడు. “తోమకపోతే ఏ కుండకైనా పాచి పడుతుంది తల్లీ.”

“మూడుసార్లు తోమినా.”

“తొట్టిలో పట్టిందా?”

“లేదు.”

“మరింకేంది” అని తాడు ముడి గట్టిగా లాగినాడు. “ఆరేండ్లుగా తొట్టి ఒక్కసారి తప్పలా. నీ కుండను నమ్మి వడ్లు మురగబెట్టుకోమంటావా? బేగా పోవాల, మిల్లు మూస్తారు.”

సైకిలు స్టాండు తీసినాడు. చక్రం కదిలింది. బస్సులో కూర్చిపెట్టుకున్న మాటలన్నీ ఎటు పోయినాయో పోయినాయి.

“తొట్టి దానంతటది తెల్లబడలా” అంది కృపావతి. “నేను మైలతుత్తం ఏసినా.”

చక్రం ఆగింది.

“ఏందేసినావ్?” అంది చెన్నమ్మ.

“మైలతుత్తం. శెట్టి అంగట్లో కొని, మా నాయన లేనప్పుడు. పాచి ఊరికే చావలేదు, నేనే చంపినా. పచ్చబడేదానికి తొట్టిలో చోటు లేక కుండల్లోకొచ్చింది.”

“నీ చేతులిరగ” అంది చెన్నమ్మ బస్తా వదిలేసి. “రుద్రవరంలో ముగ్గురు నిన్ననే విత్తనం అమ్ముకున్న్యారు గదే. ఊర్లకూర్లు ముంచుతివి గదే. సారు కడుపున ఎట్లా పుడితివే.” తిట్లు వంక అవతలికి వినపడేటట్టు తిడుతోంది. కృపావతి తల వంచుకుని అన్నీ పడింది. ఇంటికి పోతే నాయనకు ఈ మాటే చెప్పాల. రేపు చర్చి కాడ అందరికీ చెప్పాల.

మద్దిలేటి సైకిలుకు మళ్లీ స్టాండేసినాడు. తాడు ముడి విప్పినాడు. బస్తా భుజానికెత్తుకుని పోయి, పశువులకు కుడితి పోసే రాతితొట్టిని కడిగి, వడ్లు దాంట్లో కుమ్మరించినాడు. బావి కాడినుంచి బిందెలు బిందెలు నీళ్లు తెచ్చి పోసినాడు. తాలు పైకి తేలితే చేత్తో తీసి పారేసినాడు. ఆఖరుకు వచ్చి ఆమె చంకలోని కుండ అందుకుని, ఆ పచ్చనీళ్లు వడ్ల మీద చుట్టూ తిప్పి పోసినాడు.

“మా, నువ్వు తిట్టేది చాలించి రుద్రవరం పో” అన్నాడు తల్లితో. “విత్తనం మిల్లులోనే ఉంటే ఎనక్కి తెచ్చుకోమను. ఇయ్యాలే నానెయ్యమను. అడిగినోళ్లందరికీ చెప్పు, సోమవారం నీళ్లని.”

“మరి బేతంచెర్ల?”

“మొలకలు ఎవరు చల్లాల?”

చెన్నమ్మ కొంగు నడుముకు దోపుకుని, ఇంకా తిడుతూనే గబగబా పోయింది. ఆమె గొంతు వంక దాటి సన్నబడినాక మద్దిలేటి చేతులు తుడుచుకుని, రాతితొట్టి పక్కన గొంతుక్కూర్చున్నాడు. మోకాళ్లు చెవుల దాకా వచ్చినాయి. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని తల పైకెత్తినాడు. ఈసారి చూపు ఎక్కడికీ దూసుకుపోలేదు.

“ఎందుకేసినావ్? చాపలు కనపడల్లనా?”

అవునంటే సరిపోయేది. తలూపినా సరిపోయేది. చేపల మీద ముచ్చటతో చిన్నపిల్ల తప్పు చేసిందనుకుని పంపేసేవాడు. కృపావతి పచ్చమరకల ఓణీ కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది.

“చాపలకు గాదు” అంది. “ఆ తొట్టికి అవతలి పక్క మిషను కాడ రెండేండ్లుగా కూచున్నేది నేనే. నువ్వు వచ్చినప్పుడల్లా నేను నిన్నే చూస్తాంటి, నువ్వు పాచినే చూస్తాంటివి. అది పోతే నా తట్టు చూస్తావని ఏసినా.”